ట్యూబ్‌లైటు ఆర్పి ఆడే ఆట

2022వ సంవత్సరం, చలికాలం. చోడవరం చుట్టుపక్కల చెరకు నరుకుళ్ళు మొదలై, పల్లెల్లో బెల్లం వండే పాకలు పొద్దస్తమానం పొగలు వదులుతున్న రోజులు. ఆ కాలంలో నా టీవీ రిపేరు షాపుకి పెద్దగా పని ఉండదు. జనమంతా పొలాల్లో ఉంటారు. టీవీ పాడైతే దాని మీద గుడ్డ కప్పి, తీరుబడి దొరికినప్పుడు తెస్తారు.

నా పేరు పైడమ్మ. మా నాన్న రేడియోలు బాగుచేసేవాడు. ఆయన పక్కన కూర్చుని సోల్డరింగు నేర్చుకున్నాను. రేడియోలు పోయి టీవీలొచ్చాక టీవీలు నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళు దాటింది. అయినా కొత్తవాళ్ళు గుమ్మంలో నిలబడి, నా చేతిలో స్క్రూడ్రైవరు చూస్తూనే, "మెకానిక్కు లేడేటమ్మా?" అని అడుగుతారు. "ఉన్నాడు, సీర కట్టుకుని కూసున్నాడు. టీవీ ఇటియ్యి" అంటాను. కొందరు నవ్వి ఇస్తారు. కొందరు టీ తాగొస్తామని వెళ్ళి మళ్ళీ రారు. వాళ్ళ టీవీలు ఎక్కడో ఒకచోట బాగుపడాలనే కోరుకుంటాను.

ఆ మధ్యాహ్నం వడ్డాది నుంచి సత్యవతి వచ్చింది. ఈశ్వర్రావు భార్య. ఈశ్వర్రావు నన్ను అప్పా అని పిలుస్తాడు, మా వైపు అక్కని అలాగే అంటారు. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆ పిలుపు లెక్కన సత్యవతి నాకు మరదలు. చేతిలో ఉన్న యూరియా సంచిని నా బల్ల మీద బోర్లించింది. పాతకాలపు వీడియో గేమ్ డబ్బా, ముడులు పడిపోయిన వైర్లు, పసుపు రంగు కేసెట్టు ఒకటి, వాటితో పాటు ఒక ప్లాస్టిక్ తుపాకీ బయటపడ్డాయి.

"ఇది పని సెయ్యాలి వదినా. ఎంత బేగి అయితే అంత బేగి."

"ఎవరాడతారే? మీ ఇంట్లో గుంటలెవరూ లేరు కదా?" అన్నాను. మా వైపు పిల్లల్ని గుంటలంటాం.

"మీ తమ్ముడు," అని స్టూలు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఈశ్వర్రావుకి ఆ ఏడు శ్రావణంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొద్దిగా ముద్దయింది. కాలు మెల్లగా దారిలోకి వచ్చి, కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నాడు. చెయ్యి మాత్రం రాలేదు. అనకాపల్లి నుంచి వచ్చే ఫిజియోథెరపీ ఆయన రబ్బరు బంతి ఒకటి ఇచ్చి, రోజూ నొక్కమన్నాడట. మొదటి నెలల్లో కదిలిస్తేనే వేళ్ళు వస్తాయని, ఆ తరవాత కష్టమని గట్టిగా చెప్పాడట. ఈశ్వర్రావు కొన్నాళ్ళు ప్రయత్నించి, బంతి పెరట్లోకి విసిరేసి, గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

"మనిషి ఉన్నాడు గానీ, ఇంట్లో లేడు వదినా," అంది సత్యవతి. "నిన్న అటక దులుపుతుంటే ఈ తుపాకీ దొరికింది. మంచం మీద పెట్టేను. ఎడం సేత్తో తీసి, కుడి సేతిలో పెట్టుకున్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. టక్ మంది. పరిగెట్టుకుని వచ్చేను. ఏలు కదిలింది వదినా! నేను సూస్తండగా మళ్ళీ నొక్కేడు. బంతికి కదలని ఏలు దీనికి కదిలింది. మరి ఉత్త తుపాకీ ఎన్నాళ్ళు నొక్కుతాడు? పిట్ట ఎగరొద్దేటి?"

నేను తుపాకీ తీసి తిప్పి చూశాను. ఆ తుపాకీ నేనెరిగినదే. ఇరవై ఏళ్ళ కిందట దాని ట్రిగ్గర్ స్ప్రింగు రెండుసార్లు నేనే మార్చాను.

అప్పట్లో ఈశ్వర్రావు షాపు నా షాపుకి సరిగ్గా ఎదురుగా ఉండేది. మీలో కొందరు ఆడే ఉంటారు అలాంటి చోట్ల. చిన్న గది, నాలుగు టీవీలు, ఒక్కో టీవీ ముందు ఒక పొడుగు బల్ల, బల్ల మీద పట్టనంతమంది పిల్లలు. ఆడేది ఇద్దరు, సలహాలు ఇచ్చేది పదిమంది. రోలుగుంట నుంచి, చీడికాడ నుంచి కూడా బడి ఎగ్గొట్టి వచ్చేవాళ్ళు. అడాప్టరు కాలినా, జాయ్‌స్టిక్ బటన్ అరిగినా ఈశ్వర్రావు రోడ్డు దాటి పరుగున వచ్చేవాడు. "అప్పా, బేగి. గుంటలు నన్ను తినేస్తన్నారు" అనేవాడు. నేను సోల్డరింగు చేస్తుంటే నిలబడి తొందరపెట్టేవాడు, తొందరపెడితే నేను తిట్టేదాన్ని, తిడితే నవ్వేవాడు. ఆ రోడ్డు మీద మా ఇద్దరి గొంతులే పెద్దవి.

ఆ గదిలో మూలనున్న టీవీ మాత్రం వేరు. అది తుపాకీ టీవీ. బాతులు ఎగురుతాయి, గురిపెట్టి కాల్చాలి. ఆ ఆట మొదలుపెట్టే ముందు ఈశ్వర్రావు తలుపు పరదా దించి, గదిలో ట్యూబ్‌లైటు ఆర్పేసేవాడు. కారణం ఉంది. ఆ తుపాకీ నుంచి టీవీలోకి ఏమీ పోదు. తుపాకీయే టీవీని చూస్తుంది. గొట్టంలో ఒక సెన్సర్ ఉంటుంది, అంటే వెలుతురుని కనిపెట్టే బుల్లి కన్ను. ట్రిగ్గర్ నొక్కగానే తెర రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపు గొట్టానికి కనపడితే తగిలినట్టు, కనపడకపోతే తప్పినట్టు. ఈ కిటుకు పిల్లలు ఎలాగో పసిగట్టారు. తుపాకీ పైకెత్తి ట్యూబ్‌లైటుకి పెట్టి నొక్కితే చాలు, బాతులు టపటపా రాలిపోయేవి. అలా చేసినవాణ్ణి ఈశ్వర్రావు కాలరు పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చేవాడు. "తప్పితే తప్పిందను. దొంగ గురి నా షాపులో సెల్లదు," అని అందరికీ వినపడేలా అనేవాడు. మిగతా విషయాల్లో ఎంత మెత్తనివాడో, ఆ ఒక్క విషయంలో అంత మొండివాడు.

తరవాత నెట్ సెంటర్లొచ్చాయి, సెల్‌ఫోన్లొచ్చాయి. ఆ షాపు మూతపడింది. అతను వడ్డాదిలో రీచార్జి దుకాణం పెట్టుకున్నాడు. ఎదురుగా ఇప్పుడు చెప్పుల షాపు ఉంది. అక్కడ అరుపులు లేవు. ఇన్నేళ్ళయినా సాయంకాలం నాలుగున్నరకి, బడి వదిలే వేళకి, నా తల దానంతటదే అటు తిరుగుతుంది.

డబ్బా విప్పాను. ఒక కెపాసిటర్ ఉబ్బింది, మార్చాను. కేసెట్టు తగిలే పిన్నులు తుప్పు పట్టాయి, రుద్దాను. తుపాకీ వైరు తెగింది, అతికాను. మరునాడు వడ్డాది వెళ్ళాను.

ఈశ్వర్రావు మంచం మీద గోడ వైపు తిరిగి ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు గానీ కళ్ళల్లో వెనకటి వెటకారం లేదు. వాళ్ళ ఇంట్లో గోడకి ఎల్ఈడీ టీవీ ఉంది. దానికి పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు పెట్టే పాతరకం సాకెట్లు లేవు, కొత్తరకం హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంది. పాత బొమ్మని కొత్త సాకెట్‌కి మార్చే కన్వర్టర్ డబ్బా ఒకటి ముందే పట్టుకెళ్ళాను. మొదట బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చి, కింద నుంచి పైకి పాకుతూ పోయింది. ప్రతి దేశానికి టీవీ బొమ్మ పంపే పద్ధతి ఒకటి ఉంటుంది, మనది పాల్. కన్వర్టర్ అమెరికా పద్ధతిలో ఉంది. పక్కనున్న మీట జరిపాను. నీలం ఆకాశం, పచ్చగడ్డి, ఎగిరే బాతులు. సత్యవతి చప్పట్లు కొట్టింది.

ఈశ్వర్రావు తుపాకీని కుడిచేతిలో పెట్టుకుని, ఎడం చేత్తో మణికట్టు కింద ఆసరా ఇచ్చి, చాలాసేపు చూశాడు. టక్. బాతు ఎగిరిపోయింది. టక్. ఎగిరిపోయింది. ఇంకా దగ్గరికి జరిగాడు. ప్రతిసారీ ఆ వేలు కదలడానికి నుదుటి మీద చెమట పట్టేంత కష్టపడ్డాడు. ప్రతిసారీ బాతు తాపీగా ఎగిరిపోయింది.

"పోయిందప్పా," అన్నాడు. "సెయ్యి పోయింది."

నేను తుపాకీ తీసుకుని, గొట్టం తెరకి ఆనించినంత దగ్గరగా పెట్టి బాతుని కాల్చాను. తగల్లేదు. "సూడు తమ్ముడూ, నాకూ తగల్లేదు. లోపం నీ సేతిలో లేదు, తుపాకీలోనో టీవీలోనో ఉంది," అన్నాను. అతను తలూపాడు. నమ్మి ఊపిన తల కాదది, నా మాట తీసేయలేక ఊపాడు. మళ్ళీ గోడ వైపు తిరిగాడు.

షాపుకొచ్చి తుపాకీ విప్పాను. సెన్సర్ ముందు బల్బు ఆడించి మీటరు పెట్టి చూశాను. కన్ను బాగానే ఉంది. అప్పుడు లోపం తెలిసింది. పాత టీవీలో అయితే గేమ్ డబ్బా నుంచి బొమ్మ వచ్చీ రాగానే తెర మీద పడుతుంది. వాళ్ళింట్లో ఆ బొమ్మ ముందు కన్వర్టర్‌లోకి, అక్కడ నుంచి ఎల్ఈడీ టీవీలోకి వెళ్ళి, రెండుచోట్లా సింగారించుకుని తీరిగ్గా బయటికొస్తుంది. మన కంటికి ఆ ఆలస్యం తెలీదు. తుపాకీకి తెలుస్తుంది. అది తెలుపు కోసం చూసే వేళకి తెర మీద తెలుపు ఇంకా రాలేదు. ఆ తుపాకీ పనిచెయ్యాలంటే పొట్ట ఉన్న పాత టీవీ కావాలి, అంతే.

సత్యవతికి ఫోన్లో ఇదంతా చెప్పాను. ఆమె విని, "మా పాత టీవీ ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేసేం వదినా," అంది. మళ్ళీ తనే, "పోనీ, తగిలినట్టు సెయ్యలేవా? ఎలాగోలా పిట్ట పడితే సాలు. ఆయనకి ఏటి తెలుస్తాది?" అంది.

చెయ్యగలను. చేశాను కూడా. గొట్టం చివర చిన్న భూతద్దం ఉంటుంది. తుపాకీ ఎదురుగా ఉన్నది మాత్రమే చూడాలని పెట్టింది అది. దాన్ని తీసేస్తే చుట్టుపక్కల ఎక్కడ వెలుతురున్నా సెన్సర్‌కి కనపడుతుంది. వాళ్ళింటికి వెళ్ళి, దేవుడి దగ్గర వెలిగించే జీరో బల్బు ఒకటి టీవీ పైన వేలాడదీశాను. ఎటు కాల్చినా బాతు పడాల్సిందే.

ఈశ్వర్రావు టక్ మనిపించాడు. బాతు పడింది. అతని ముఖం ఒక్కసారి విప్పారింది. సత్యవతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. టక్, ఇంకోటి పడింది. టక్, ఇంకోటి. నాలుగైదు పడ్డాక అతను ఆగాడు. తుపాకీని మెల్లగా పక్కకి తిప్పి, గోడ మీది క్యాలెండరుకి గురిపెట్టి నొక్కాడు. తెర మీద బాతు పడింది.

తలెత్తి బల్బు వైపు చూశాడు. తరవాత నా వైపు చూశాడు.

"ఒక్కటీ తప్పలేదేటప్పా?" అన్నాడు.

సత్యవతి, "బాగానే తగుల్తన్నాయి కదా, ఆడు, ఆడు," అంది హడావిడిగా.

"నా షాపులో అయితే..." మాట కూడదీసుకోవడానికి అతనికి టైం పట్టింది, "మెడ పట్టుకుని గెంటేద్దును నిన్ను." తుపాకీని మంచం కిందికి జార్చేసి పడుకున్నాడు.

అంత సిగ్గు నాకు రిపేరు చేసిన ఏ వస్తువు తిరిగొచ్చినా వెయ్యలేదు. బస్సులో వస్తూ ఆలోచించాను. మొదటిసారి ఆ యంత్రం అతనికి అబద్ధం చెప్పింది, అన్నీ తప్పాయని. రెండోసారి మేమిద్దరం కలిసి అబద్ధం చెప్పించాం, అన్నీ తగిలాయని. ఆ వేలు నిజంగా ఎంతవరకు వచ్చిందో అతనికి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. అతనికి కావాల్సింది అది.

పొట్ట టీవీ కోసం వేట మొదలుపెట్టాను. మెకానిక్ దగ్గర పాత టీవీ ఉండదా అంటారేమో. ఉండేవి, గుట్టలుగా ఉండేవి. చోటు లేక, లోపలి రాగి చుట్టల కోసం వచ్చే పాతసామాన్లవాళ్ళకి అన్నీ ఇచ్చేశాను. సెలూన్‌లో ఒకటుంది, పిక్చర్ ట్యూబ్ పగిలింది. మా వీధి చివర ఒకావిడ "ఉందమ్మా, ఉంది" అని సంబరంగా పెరట్లోకి తీసుకెళ్ళింది. టీవీ పెట్టె ఉంది, లోపల కోడిపెట్ట పొదుగుతూ కూర్చుంది. నన్ను చూసి ముక్కుతో పొడవబోయింది.

అప్పుడు గుర్తొచ్చింది సన్యాసినాయుడి బెల్లం పాక. రోలుగుంట రోడ్డు పక్కన, తోటలో ఉంటుంది. చెరకు గానుగాడే కాలంలో పనివాళ్ళు రోజంతా అక్కడే ఉంటారు కాబట్టి వాళ్ళ కోసం పాకలో ఒక టీవీ పెడతారు. ఆ పొగకి, వేడికి, మసికి ఎల్ఈడీ టీవీ నాలుగు రోజులు బతకదు. అందుకని మా వైపు పాకల్లో పాత పొట్ట టీవీలే నడుస్తున్నాయి. ఏటేటా చెరకు ఆట మొదలయ్యే ముందు నాయుడు ఆ టీవీ తెచ్చి నాతో మసి దులిపించుకుని పోతాడు. ఆ ఏడూ దులిపాను. తలలోనే పెట్టుకుని ఊరంతా వెతికాను.

నాయుడు ముప్పై రెండేళ్ళవాడు, మాట పెళుసు, మనసు మంచిది. టీవీ రెండు రోజులు ఇమ్మని ఫోన్ చేశాను.

"అదొక్కటీ అడక్కు పిన్నీ! కావాలంటే నా బండి పట్టుకెల్లు. టీవీ తీస్తే పనోళ్ళు పొయ్యి ఆర్పేసి ఎలిపోతారు."

"పోనీ మనిషిని అక్కడికి తెస్తాను. ఒక గంట ఆడనిస్తావా?"

"ఎవరినేటి?"

"ఈశ్వర్రావుని. ఎనకటి వీడియో గేమ్ షాపు ఈశ్వర్రావుని."

"ఆడ్నా?" అని, వెంటనే సర్దుకుని, "ఆయన్నా?" అన్నాడు. "తీసుకురా పిన్నీ. రేపే తీసుకురా."

ఈశ్వర్రావుని ఒప్పించడం నాకు మిగిలిన పని. వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను. గోడ వైపు నుంచి తిరగలేదు. నేను బతిమాలే రకం కాదు, అతనికీ తెలుసు.

"తమ్ముడూ, నిజం టీవీ దొరికింది. భూతద్దం మళ్ళీ బిగించేసేను. తప్పితే తప్పిందనే సెప్తాది. నీకు ధైర్యం ఉంటే రా. లేకపోతే ఉండు, నాకు సేలా పనుంది," అన్నాను.

సత్యవతి నన్ను కొట్టేలా చూసింది. అతను మాత్రం తిరిగాడు. ఎడం చెయ్యి మంచం పక్కన కర్ర కోసం తడిమింది.

మరునాడు మధ్యాహ్నం ఆటోలో ముగ్గురం పాకకి వెళ్ళాం. పెనంలో చెరకు రసం కుతకుతలాడుతోంది. పాకంతా తియ్యటి ఆవిరి. ఒక పక్క ఎండిన పిప్పి గుట్టలు, ఇంకో పక్క అచ్చుల్లో ఆరుతున్న బెల్లం. నాయుడు ఎదురొచ్చి ఈశ్వర్రావుని చెయ్యి పట్టి దింపి, పిప్పి మీద గోనె పరిచి కూర్చోబెట్టాడు. పనివాళ్ళు చుట్టూ మూగారు.

టీవీ వెనక రంగు పిన్నులు పెట్టే సాకెట్లలో మసి, బెల్లపు జిగురు కలిసి గట్టిపడిపోయాయి. పిన్ను దూరలేదు. యాంటెన్నా పెట్టే రంధ్రం ఒక్కటే బాగుంది. అదీ మంచిదే అయింది. ఆ కాలపు గేమ్ డబ్బాలకి ఆర్ఎఫ్ అనే దారి కూడా ఉంటుంది, అంటే డబ్బా తానే ఒక బుల్లి టీవీ స్టేషనై బొమ్మని యాంటెన్నా వైరులోకి పంపుతుంది. మనం రేడియోలో స్టేషన్ వెతికినట్టు టీవీలో దాన్ని వెతికి పట్టుకోవాలి. ట్యూనింగు తిప్పుతుంటే తెర నిండా చుక్కలు, బర్రుమనే చప్పుడు. ఆ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. ఈశ్వర్రావు మెడ ముందుకు సాచాడు.

"కొంచెం ఎనక్కి తిప్పప్పా," అన్నాడు.

తిప్పాను. నీలం ఆకాశం వచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. పిక్చర్ ట్యూబ్ ముసలిదై తెర మసకగా ఉంది. అంత మసక తెలుపు తుపాకీకి కనపడదు. వెనక మూత విప్పి, ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్ మీది స్క్రీన్ మీట కొద్దిగా తిప్పాను. పిక్చర్ ట్యూబ్‌కి హై వోల్టేజి ఇచ్చేది అదే, చెయ్యి తగిలితే మనిషిని అవతలికి విసిరేస్తుంది, అందుకని రెండు చేతులూ లోపల పెట్టకుండా, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకునే ఆ పని చేస్తాను. తెర తేటపడింది.

పొయ్యి మంట కనపడకుండా ఎవరో అడ్డంగా గోనెలు కట్టారు. ఈశ్వర్రావు తుపాకీ తీసుకున్నాడు. కానీ ఎత్తలేదు. తల పైకెత్తి పాక మధ్యలో వేలాడే బల్బు వైపు చూశాడు. అతను నోరు తెరిచేలోగానే నాయుడు స్విచ్చి దగ్గరికి పరిగెత్తాడు.

"తెలుసు మాస్టారూ, తెలుసు! ఒకపాలి గెంటించుకున్నాను కదా!" అంటూ బల్బు ఆర్పేశాడు. "ఆరో తరగతిలో. ట్యూబ్‌లైటుకి పెట్టి కాల్సేను. నా సొక్కా కాలరు సినిగిపోయి, ఇంటికాడ మా అమ్మ సేత ఇంకోపాలి తన్నులు తిన్నాను. మీరు మర్సిపోయుంటారు. నేను మర్సిపోలేదు."

పాకంతా గొల్లున నవ్వింది. ఈశ్వర్రావు అతన్ని తేరిపార చూసి, "నువ్వా," అన్నాడు. పెదవి ఒకపక్క మాత్రమే నవ్వింది. అప్పటికి ఆ ఒక్క పక్కే కదిలేది అతనికి.

ఆట మొదలైంది. ఒక బాతు గడ్డిలోంచి లేచింది. ఈశ్వర్రావు మణికట్టు కింద ఎడం చెయ్యి పెట్టి, ఊపిరి బిగబట్టి, నొక్కాడు. తెర ఒక్క క్షణం నల్లబడి మెరిసింది. బాతు ఎగిరిపోయింది.

సత్యవతి నా భుజంలో ముఖం దాచుకుంది. నేను కూడా చూడలేక పెనం వైపు తిరిగాను.

ఈశ్వర్రావు గొంతు వినపడింది. "తప్పింది," అన్నాడు. ఇద్దరం తిరిగి చూశాం. అతని ముఖం వెలిగిపోతోంది. "ఎడం పక్కకి పోయింది. సూసేవా సత్యా? బెత్తెడు ఎడం పక్కకి పోయింది. తప్పింది!"

అన్ని నెలల్లో అతను అంత పొడుగు మాట మాట్లాడ్డం అదే మొదలు అని సత్యవతి తరవాత చెప్పింది. అతను ఆ మాట అన్నప్పుడు ఆమె ఏడుస్తూ నవ్వింది, నేను మాత్రం తక్కువ తిన్నానా.

మళ్ళీ కాల్చాడు. మళ్ళీ తప్పింది. "ఇప్పుడు కిందికి పోయింది," అన్నాడు. తుపాకీ కొద్దిగా సర్దుకున్నాడు. పనివాళ్ళు ఊరుకుంటారా, ఇరవై ఏళ్ళ కిందటి బల్లల మీది గుంటల్లాగే సలహాలు మొదలుపెట్టారు. "కుడికి మాస్టారూ, కుడికి!" "అదుగో, లేసింది!" "ఆగండ్రా, ఆయన్ని సూసుకోనియ్యండి!" పాకం చూసే పెద్దాయన ఒక్కడే పెనం వదల్లేక అక్కడి నుంచే అరుస్తున్నాడు. ఆ ఆటంతా తప్పింది. ఒక్క బాతూ పడలేదు. ఆట అయిపోయిందని తెర చెప్పగానే ఈశ్వర్రావు నా వైపు తిరిగి, "మళ్ళీ పెట్టప్పా," అన్నాడు. ఎదురు షాపులో నిలబడి తొందరపెట్టిన గొంతు అది. అక్షరాలా అదే.

మూడో ఆటలోనో నాలుగో ఆటలోనో ఒక బాతు పడింది. పాక కప్పు లేచిపోయేలా అరిచారు అందరూ. ఈశ్వర్రావు అరవలేదు. ఆ బాతు కింద పడేదాకా చూసి, తన కుడి చూపుడు వేలిని ఎడం చేత్తో పట్టుకుని నిమిరాడు.

ఆ కాలమంతా వీలున్నప్పుడల్లా సత్యవతి అతన్ని ఆటోలో పాకకి తీసుకెళ్ళింది. పిట్టల కోసం మొదలుపెట్టిన వేలు బంతికి కూడా ఒప్పుకుంది. పెరట్లోంచి బంతి తానే వెతికి తెచ్చుకున్నాడట. చెరకు ఆట అయిపోయాక నాయుడు ఆ టీవీని తెచ్చి నా షాపులో పెట్టాడు. "మళ్ళీ సలికాలం దాకా నీ కాడే ఉంచు పిన్నీ. మాస్టారికి దగ్గర," అన్నాడు. మసి దులిపినందుకు ఏమీ పుచ్చుకోనన్నాను. పుచ్చుకోకపోతే టీవీ తిరిగి పట్టుకుపోతానని బెదిరించాడు.

అప్పటినుంచి ఏటా చెరకు ఆట లేని నెలల్లో ఆ టీవీ నా షాపు మూలలో ఉంటుంది. సాయంకాలాలు అప్పుడప్పుడు ఈశ్వర్రావు షేర్ ఆటోలో ఒక్కడే వస్తాడు. బడి వదిలిన పిల్లలు, ఫోన్లు జేబులో పెట్టుకుని, వెనక నిలబడి చూస్తారు. ఇప్పటికీ అతనికి తగిలేవాటికంటే తప్పేవే ఎక్కువ. తప్పిన ప్రతిదానికీ ఎటువైపు పోయిందో పైకి చెబుతాడు.

నా పనిలో వచ్చినవాళ్ళని నవ్వుతూ పంపితే చాలనుకునేదాన్ని. బొమ్మ రాకపోతే తెప్పించడం, చప్పుడొస్తే ఆపడం. ఇప్పుడు ఏ వస్తువు బల్ల మీదికొచ్చినా, ఇది ఈ మనిషికి ఏ నిజం చెప్పాలి అని ముందు అడుగుతాను. వాళ్ళని సంతోషపెట్టే అబద్ధం నా స్క్రూడ్రైవరుతో తేలిగ్గానే చెప్పించగలను. అది రిపేరు కాదని నాకు ఈశ్వర్రావు చెప్పాడు.

మొన్న కూడా వచ్చాడు. నేను ఒక రిమోట్ విప్పుకుని బల్ల మీద వంగి ఉన్నాను. తుపాకీ తీసుకుని కూర్చోబోతూ తలెత్తి చూశాడు. లేచి, కర్ర స్టూలుకి ఆనించి, గోడ దగ్గరికి నడిచాడు. కుడిచెయ్యి మెల్లగా స్విచ్చిబోర్డు దాకా ఎత్తి, చూపుడు వేలితో నా ట్యూబ్‌లైటు ఆర్పేశాడు.

"ఓరే, నేను పని సేసుకోవద్దేటి?" అని చీకట్లో తిట్టాను. అతను నవ్వాడు.